తొమ్మిది కిలోల శేషగిరిరావు

శేషగిరిరావు గారు మనిషి ముఖం తర్వాత చూస్తారు, ముందు చేతిలో సంచీ చూస్తారు. "ఎంతుంటది ఇది?" అని అడుగుతారు. ఎదుటివాడు ధర చెప్పబోతే, "ధర నాకెందుకయ్యా, బరువెంత?" అంటారు. అడిగి ఊరుకునే మనిషైతే ఇబ్బంది లేదు. ఆయన నడుముకు ఎప్పుడూ ఒక కొక్కెం కాటా వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీసి, సంచీని తగిలించి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముల్లు ఆగినచోట వేలు పెట్టి, పెదవి విరుస్తారు. నరసరావుపేటలో ఆయన పెదవి విరవని సంచీ లేదు. చుట్టాల పసిబిడ్డను చేతికిస్తే "ఆరు కిలోల రెండొందలు" అన్నాకే ముద్దు పెడతారు.

ఇలాంటి మనిషి పాత ఇనుము కొట్టు పెట్టుకుని ఉంటే అందరూ సుఖంగా ఉండేవాళ్ళు. ఆయన స్టేషన్ రోడ్డులో 'శేషగిరి యాత్రలు' అని ట్రావెల్స్ ఆఫీసు పెట్టారు. నాలుగు పెట్టెలు సర్దుకుని సరదాగా తిరిగొద్దామని జనం వచ్చేది అక్కడికే.

ఆ ఆఫీసులో టికెట్లు బుక్ చేసేది ఆయన అన్నగారి కూతురు ఉజ్వల. విజయవాడలో టూరిజం కోర్సు చదివి, మూడేళ్ళ క్రితం ఎంతో ఉత్సాహంగా చేరింది. చేరిన మొదటిరోజే బాబాయి ఆమె హ్యాండ్‌బ్యాగు తూచి, అందులోంచి మూడు లిప్‌స్టిక్కులు, ఒక గొడుగు, ఎప్పటిదో తాళంచెవుల గుత్తి బయటపెట్టారు.

"ఈ తాళాలు ఏ ఇంటియ్యే?"

"పాత ఇంటివి బాబాయ్. ఖాళీ చేసి రెండేళ్ళయింది."

"ఖాళీ చేసిన ఇంటిని భుజాన వేసుకుని తిరుగుతున్నావన్నమాట."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళాక మళ్ళీ చూసుకుంటే మాత్రం ఆ తాళాలు ఎందుకు మోస్తోందో ఆమెకే అర్థం కాలేదు.

ఈ తూకం పిచ్చికి ఒక మూలం ఉంది. అంతకుముందు ఆయన ముప్పై ఏళ్ళు మిరపకాయల వ్యాపారంలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూచిన మనిషి; మిరప రైతులకు ఇప్పటికీ శెట్టిగారే. ట్రావెల్స్ పెట్టిన కొత్తలో విజయవాడలో ఏదో మీటింగుకు పిలిస్తే వెళ్ళారు. ఒక పెద్దమనిషి తెరమీద బొమ్మలు వేసి, విమానాల పొగవల్ల భూమి ఎలా వేడెక్కుతోందో రెండు గంటలు ఇంగ్లీషులో చెప్పాడు. అందులో శేషగిరిరావు గారికి ఒక్క ముక్క అర్థమైంది: విమానంలో ఎక్కే ప్రతి కిలోకీ చమురు అదనంగా కాలుతుంది. అంతే, ఆ మాటను పట్టుకుని బస్సెక్కి ఇంటికొచ్చేశారు.

"ఎండల్ని ఆపటం మనవల్ల యాడైద్ది? తూచటం అయితే వచ్చుగా నాకు!" అని భార్య మహాలక్ష్మమ్మతో అన్నారట. ఆవిడ "మీకు రాని పని చెప్పి ఉంటే బాగుండేది ఆ పెద్దమనిషి" అందట.

అప్పటినుంచి ఆయన ఆఫీసుకు ఒక చట్టం వచ్చింది. విమానం ఎక్కే మనిషికి తొమ్మిది కిలోలు, చేతిసంచీతో కలిపి. అంతే.

"విమానం వాళ్ళు పదిహేను కిలోలు పెట్టెకి, ఏడు చేతిసంచీకి ఇస్తున్నారు బాబాయ్" అనేది ఉజ్వల.

"పెళ్ళిలో ఎన్ని లడ్లు అడిగినా వడ్డిస్తారు. అన్నీ తింటామా?"

అసలు విమానం ఎక్కాలన్నా ఆయన్ని ఒప్పించాలి. మధుబాబు అనే కుర్రాడు, ప్రకాశ్‌నగర్‌లో జిమ్ నడిపేవాడు, ఒకసారి హైదరాబాదుకు ఫ్లైట్ టికెట్ కావాలని వచ్చాడు.

"ఎందుకూ?" అన్నారు శేషగిరిరావు గారు.

"తొందరగా పోవాలండి."

"ఇక్కణ్ణుంచి గన్నవరం పోవటానికి మూడు గంటలు. అక్కడ రెండు గంటల ముందుండాలి. ఎగిరేది గంట. దిగి, సంచీ పుచ్చుకుని, సిటీలోకి పోయేది ఇంకో రెండు గంటలు. ఎనిమిదయినయ్యా? మన స్టేషన్‌లో రైలెక్కితే ఐదు గంటల్లో దిగుతావు. నువ్వు గన్నవరంలో బెల్టు విప్పి నిలబడే టయానికి రైల్లో పోయినోడు బిర్యానీ తింటా ఉంటాడు."

మధుబాబు గొంతు తగ్గించాడు. "అది కాదు సార్. విమానంలో కిటికీ దగ్గర ఒక ఫొటో దిగుదామని..."

"రైలుక్కూడా కిటికీ ఉంది" అన్నారాయన. ఉజ్వల చేత రైలు టికెట్ తీయించి, కిటికీ సీటు ఇప్పించి, జిమ్ సంచీలో ఉన్న ఇనపగుండ్లు రెండూ ఆఫీసులో పెట్టించుకుని పంపారు. ఆ గుండ్లు ఇప్పటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉన్నాయి.

పోనీ, విమానం లేని యాత్రలోనైనా మనిషి కుదురుగా ఉంటారా అంటే అదీ లేదు. ఒక ఆదివారం జహంగీర్ నడిపే బస్సులో ముప్పైమందిని ఎత్తిపోతల తీసుకెళ్ళారు. బయల్దేరేటప్పుడు అందరి సంచులూ తూచారు. బస్సుకు బరువెందుకని ఎవరూ అడగలేదు, అడిగితే చెబుతారని భయం. జలపాతం చూసి, తిని, తాగి, సాయంత్రం బస్సెక్కబోతుంటే ఆయన తలుపు దగ్గర కాటా పట్టుకుని నిలబడి మళ్ళీ తూచటం మొదలుపెట్టారు.

బ్యాంకులో పనిచేసే అరుణ్ కుమార్ దగ్గర తూకం ఆగింది. "పొద్దున రెండు కిలోల నాలుగొందలు. ఇప్పుడు కిలో ఎనిమిదొందలు. మిగతాది ఏమైంది?"

"తిన్నాం సార్. చిప్సు, పులిహోర, కూల్‌డ్రింకు. అన్నీ కడుపులో ఉన్నయ్."

"కడుపులోయి నాకొద్దు. కవర్లు, సీసాలు, ప్లేట్లు యాడున్నయ్?"

అరుణ్ కుమార్ జలపాతం వైపు చూశాడు. శేషగిరిరావు గారు కూడా అటే చూశారు. అరుణ్ కుమార్ భార్యాబిడ్డలతో సహా మెట్లు దిగి వెళ్ళి, ఇరవై నిమిషాల తర్వాత ఒక మూట పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. మూటను కాటాకు తగిలించారు. "బాగుందయ్యా! ఇందులో మీవి కానివి కూడా ఉన్నట్టున్నయ్, ఎక్కువొచ్చింది" అని భుజం తట్టి, బస్సు ఎక్కించారు.

ఆ రాత్రే అరుణ్ కుమార్ ఇంటర్నెట్‌లో ఒక్క చుక్క ఇచ్చి రాశాడు: 'ఇది ట్రావెల్స్ కాదు, వేబ్రిడ్జి.' దాన్ని నూటపదిమంది మెచ్చుకున్నారు. అందులో మహాలక్ష్మమ్మ ఒకరు.

అలా అలా ఆఫీసుకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఎదురుగా ధనుంజయరావు కొత్తగా ట్రావెల్స్ పెట్టి, 'మీ సామాను మీ ఇష్టం' అని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాడు. జనం అది చదివి కళ్ళు తుడుచుకోవటం ఒక్కటే తక్కువ. చివరికి శేషగిరిరావు గారే ఒకరోజు, "ఈ ఎండాకాలం చూద్దామే. లేకపోతే తాళం వేసేద్దాం. నువ్వు హైదరాబాదులో ఏదన్నా చూసుకో" అన్నారు. ఆ మాట ఉజ్వలకు గుచ్చుకుంది. బాబాయి మీద ఎంత విసుక్కున్నా, ఆ ఆఫీసు అంటే ఆమెకు ప్రాణం.

అప్పుడు దొరికింది మనాలి బేరం. క్రోసూరు నుంచి బసవపున్నయ్య, ఆయన భార్య నాగేంద్రమ్మ, వాళ్ళ బంధుబలగం కలిపి ఇరవై ఒక్కమంది, మిరప కోతలయ్యాక మంచు చూడాలని ముచ్చటపడ్డారు. ఉజ్వల నెలరోజులు ఫోన్లు చేసి, క్రోసూరు రెండుసార్లు తిరిగి వాళ్ళను ఒప్పించింది. రానూపోనూ విమానమే కావాలన్నారు వాళ్ళు. రానూపోనూ రైలే అన్నారు బాబాయి. మూడురోజులు బేరమాడాక, "పోయేటప్పుడు ఎగురుదాం, వచ్చేటప్పుడు దొర్లుదాం" అని ఒప్పందం కుదిరింది. సగం పొగ తగ్గిందని ఆయనకు సంతోషం. విమానం ఎక్కుతున్నామని వాళ్ళకు సంతోషం.

ఇరవై రెండో మనిషి తనంతట తనే వచ్చాడు. బొల్లాపల్లి హైస్కూల్లో అటెండరుగా చేసి రిటైరైన జ్ఞానయ్య. "ముప్పైయేళ్ళు ఇండియా మ్యాపు మోసి గోడకి తగిలించానమ్మా. పైన తెల్లగా ఉండేది అదేంటో ఒకసారి తొక్కి చూద్దామని" అన్నాడు ఉజ్వలతో.

బయల్దేరే రోజు దగ్గరపడేకొద్దీ ఉజ్వలకు నిద్రపట్టలేదు. క్రోసూరు వాళ్ళు తొమ్మిది కిలోలకు లొంగే రకం కాదు. కాటా బయటికి తీస్తే ఇరవై ఒక్కమందీ రోడ్డు దాటి ధనుంజయరావు గుమ్మం ఎక్కుతారు. అందుకని ఆరోజు పొద్దున బాబాయి స్నానానికి వెళ్ళగానే, కాటా తీసుకుని, ఆఫీసులో పాడైపోయిన ప్రింటరు పొట్ట తెరిచి అందులో పెట్టి మూసేసింది.

మే నెలాఖరు. రోళ్ళు పగిలే ఎండ. ఫ్యాను వేడిగాలిని అటూ ఇటూ తోస్తోంది. ఆ ఎండలో క్రోసూరు జనం స్వెట్టర్లు, శాలువాలు, మంకీక్యాపులు కుక్కిన పెట్టెలతో దిగారు. శేషగిరిరావు గారు నడుము తడుముకున్నారు. టేబులు సొరుగు లాగారు. కుర్చీ కింద చూశారు. ఉజ్వల కంప్యూటరులోకి తల దూర్చి కూర్చుంది.

"పోతే పోయిందిలే" అన్నారాయన.

ఉజ్వల గుండె తేలికపడింది. ఒక్క క్షణమే. ఆయన బసవపున్నయ్య దంపతులను ముందు పిలిచి, మిగతావాళ్ళను బయట నీడలో కూర్చోబెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, నాగేంద్రమ్మ పెట్టె పిడిని రెండువేళ్ళతో పట్టుకుని, ఒక జానెడు పైకి లేపి, కళ్ళు మూసుకుని, దించారు.

"పదిహేడు కిలోల మూడొందలు."

"గాల్లో చెప్తే నమ్మాలా అన్నయ్యగారూ?" అంది నాగేంద్రమ్మ.

"తెరవమ్మా."

పెట్టె తెరుచుకుంది. నాలుగు కిలోల గోంగూర పచ్చడి, ఒక ఇస్త్రీపెట్టె, ఒక చిన్న మిక్సీ బయటికొచ్చాయి.

"మిక్సీ ఎందుకమ్మా?"

"అక్కడ కొబ్బరిచట్నీ దొరకదంట."

"అంతదూరం పోయి మన ఇంటి టిఫిను తినటానికి పోవటం ఎందుకు? వాళ్ళు చేసింది తిని, బాగుందని చెప్పిరా. వాళ్ళూ సంతోషిస్తారు." మిక్సీ పక్కకెళ్ళింది. తర్వాత స్వెట్టర్లు. ఇద్దరికి ఐదు. "మూడు చాలు" అంటూ ఆయన ఒకదాన్ని పైకెత్తారు. పచ్చరంగు స్వెట్టరు, గుండెల మీద నీలంరంగు పక్షి. "ఈ కోడిబొమ్మది తీసెయ్."

బసవపున్నయ్య గోడవైపు తిరిగాడు.

"అది నెమలి!" అంది నాగేంద్రమ్మ. ఫోనులో వీడియోలు చూసి ఆరునెలలు అల్లింది దాన్ని, భర్త కోసం. ఇంటి దగ్గర కోడలు కోడి అంది. మనవరాలు బాతు అంది. బసవపున్నయ్య ఏమీ అనలేదు కానీ ఒక్కసారీ తొడుక్కోలేదు. "ఇంకేదైనా తీయండి అన్నయ్యగారూ, ఇది మాత్రం తియ్యొద్దు."

"శెట్టిగారు చెప్పారు గందా, తీసెయ్" అన్నాడు బసవపున్నయ్య, ముఖంలో వెలుగు దాచుకోలేక. "చానా బరువుంటది అది."

స్వెట్టరుతో పాటు నాలుగుజతల మేజోళ్ళు కూడా పక్కనున్న గోతాంలోకి వెళ్ళాయి. ఇలాగే మిగతా ఇరవైమంది పెట్టెలూ తేలికయ్యాయి. గోతాం నిండింది. 'తిరిగొచ్చాక ఎవరివి వాళ్ళకు' అని చీటీలు అంటించారు. ధనుంజయరావు తన గుమ్మంలో నిలబడి ఆశగా చూస్తున్నాడు. నాగేంద్రమ్మ ఒకసారి అటు చూసింది కూడా. కానీ విమానం టికెట్లు ఇక్కడే ఉన్నాయి.

ఆఖరున జ్ఞానయ్య రెక్సిన్ సంచీ. శేషగిరిరావు గారు దాన్ని పైకి లేపారు. మళ్ళీ లేపారు. ఉజ్వలకు ఆశ్చర్యమేసింది. ఆయన ఏ సంచీనీ రెండుసార్లు లేపరు.

"మూడు కిలోలు. ఇందులో తినేది కిలో పైన ఉంది."

"జంతికలు సార్. అందరికీ పెడదామని" అన్నాడు జ్ఞానయ్య.

"సరే సరే. దీన్ని నేను లోపల పెడతాలే" అని ఆ సంచీని, గోతాన్ని కలిపి లోపలిగదిలోకి మోసుకెళ్ళారు. తొమ్మిదికి బాగా లోపే ఉన్న సంచీతో ఏం పనో ఉజ్వలకు తెలియలేదు. బస్సు హారను కొట్టటంతో ఆ సంగతే మర్చిపోయింది.

గన్నవరంలో నాగేంద్రమ్మ పగ తీర్చుకోబోయింది. ఆఫీసులో సామాను తీయించాక మిగిలిన పెట్టెను ఎనిమిది కిలోల తొమ్మిదొందలని ఆయన చెప్పారు. "ఇప్పుడు తెలుస్తది ఆ వేళ్ళ సంగతి" అంటూ ఆమె కౌంటరు దగ్గర మెషీను మీద పెట్టించింది. ఎర్రటి అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి, 8.9 దగ్గర ఆగాయి. క్యూలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కౌంటరులో అమ్మాయి విషయం తెలుసుకుని, తన హ్యాండ్‌బ్యాగు కూడా ఇచ్చి చెప్పించుకుంది. శేషగిరిరావు గారు చెప్పి ఊరుకోక, "తాళంచెవులు ఎక్కువున్నయ్యమ్మా" అన్నారు. ఆ అమ్మాయి నోరు తెరిచింది. ఉజ్వల దూరంగా జరిగి నిలబడింది.

మనాలి చేరిన రెండోరోజు పొద్దున్నే అందరూ మంచుకొండ మీదికి బస్సులో బయల్దేరారు. దారిలో ఒకచోట బస్సు ఆగింది. అక్కడ పొడుగాటి కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిస్తారు. క్రోసూరు జనం దిగి తలా ఒకటి తొడుక్కుంటున్నారు. జ్ఞానయ్య మాత్రం బస్సు దిగి ఎండలో హాయిగా నిలబడ్డాడు. కాళ్ళకు మామూలు చెప్పులు. ఒంటిమీద పచ్చటి స్వెట్టరు. గుండెల మీద నీలంరంగు పక్షి.

ఉజ్వల చూసింది. చూసి బాబాయి వైపు తిరిగింది. ఆయన ఎక్కడో ఉన్న శిఖరాన్ని పరీక్షగా చూస్తున్నారు.

"కోటు తీసుకోవా జ్ఞానయ్యా?" అని అడిగాడు బసవపున్నయ్య. అడిగి, స్వెట్టరు చూసి, తెరిచిన నోరు అలాగే ఉంచేశాడు.

"ఎందుకు సార్, కంపెనీ స్వెట్టరుందిగా! చానా వెచ్చగా ఉంది. చలి ఊళ్ళకి పోయే ప్రతి ప్యాసింజరుకీ కంపెనీ తరఫున ఇస్తారంట, శేషగిరిరావు సారు సంచీలో పెట్టించారు. మీకు ఇవ్వలేదా?"

ఆ మాట బస్సు చుట్టూ తిరగటానికి అరనిమిషం పట్టింది. "మాదేది కంపెనీ స్వెట్టరు?" అని ఒకరు. "ఉన్న స్వెట్టర్లు తీయించి, కొత్తవి ఒక్కడికే ఇస్తారా?" అని ఇంకొకరు. ఇరవైమంది కోట్లలో ఎలుగుబంట్లలా శేషగిరిరావు గారి చుట్టూ మూగారు.

ఆయన నీళ్ళు నమిలారు. "అది... అరవై దాటినోళ్ళకి మాత్రమే."

"నాకు డెబ్బై రెండు!" అని బసవపున్నయ్య పెదనాన్న కొడుకు చెయ్యెత్తాడు.

"అరవై దాటినోళ్ళలో... లాటరీ వేశాం."

"ఎప్పుడేశారు? మా చీటీ ఏది?"

అప్పుడే నాగేంద్రమ్మ బూట్లు తొడుక్కుని కొట్లోంచి బయటికొచ్చింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, జ్ఞానయ్య ఎదుట ఆగిపోయింది. తన ఆరునెలల కష్టం ఆమె ముందు నిలబడి జంతిక నములుతోంది. ఉజ్వల రెండడుగులు ముందుకేసింది. ఇక్కడ గొడవయితే వచ్చే యాత్ర ఉండదు, ఆఫీసు ఉండదు. ఆవిడ ఒక్క మాట అంటే జ్ఞానయ్య ఈ చలిలో ఆ స్వెట్టరు విప్పి చేతికిచ్చేస్తాడు. అంతటి మనిషని రెండురోజుల్లోనే తెలిసిపోయింది.

"ఏంది జ్ఞానయ్యా ఇది?" అంది నాగేంద్రమ్మ, మెల్లగా.

"కంపెనీదమ్మా. ఎవరు అల్లారో గానీ తల్లీ, ఏం పనితనం! పొద్దున్నుంచి అద్దంలో చూసుకుంటా ఉన్నా. ఈ నెమలి చూడండి, పురి విప్పబోతున్నట్టు లేదూ?"

నాగేంద్రమ్మ ఒక అడుగు దగ్గరికి జరిగింది. "నెమలని నీకెట్టా తెలిసింది?"

"భలేవారే. నెమలి కాక ఇంకేంటమ్మా? మా బొల్లాపల్లి చేలల్లో రోజూ చూసేదేగా. మెడ తిప్పటం చూడండి, ఇదిగో, అచ్చం ఇట్టాగే తిప్పుద్ది."

నాగేంద్రమ్మ వెనక్కి తిరిగి ఇరవైమందినీ చూసింది. ముఖ్యంగా భర్తను.

"కంపెనీదే" అంది గట్టిగా. "శేషగిరన్నయ్య నన్ను అల్లిపెట్టమని అడిగారు. పెద్ద పని గందా, ఒక్కటే అయింది. మిగతావాళ్ళకి వచ్చే ఏడు."

"నిన్నెప్పుడు అడిగారే? అది నా..." అని మొదలుపెట్టిన బసవపున్నయ్య ఠక్కున ఆగి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండోకాలి మీద ఆవిడ రబ్బరు బూటు ఉంది.

జనం వచ్చే ఏటికి పేర్లు చెప్పుకుంటూ సర్దుకున్నారు. "పై గుండీ పెట్టుకో అన్నా, గాలి కొడతంది" అని జ్ఞానయ్యకు చెప్పి, నాగేంద్రమ్మ శేషగిరిరావు గారిని బస్సు చాటుకు పిలిచింది. ఉజ్వల కూడా వెళ్ళింది, అవసరమైతే కాళ్ళ మీద పడటానికి.

"ఏమండీ అన్నయ్యగారూ" అంది నాగేంద్రమ్మ. "దొంగతనం చేసేవాళ్ళు సరిగ్గా చెయ్యాలి. ఒంటికి పెట్టారు, కాళ్ళకేవి? ఆ మనిషి ఉత్త చెప్పులతో మంచులో నడుస్తాడా? మీరేమో నా మేజోళ్ళు నాలుగుజతలూ నరసరావుపేటలో పెట్టి తాళం వేశారు!"

శేషగిరిరావు గారికి ఆ వేళదాకా ఎవరూ తూకంలో తప్పు పట్టలేదు. తలదించుకున్నారు. "స్వెట్టరే చూశానమ్మా. కాళ్ళ సంగతి తట్టలేదు."

"మగాళ్ళకేం తడతది" అని ఆవిడ చరచరా వెళ్ళి, బసవపున్నయ్యను బండరాయి మీద కూర్చోబెట్టి, అద్దె బూట్లు లాగి, ఉన్ని మేజోళ్ళు ఊడదీయటం మొదలుపెట్టింది. జ్ఞానయ్య కోసం రబ్బరు బూట్ల జత ఒకటి కూడా కొట్లోంచి తెప్పించింది.

బస్సు చాటున ఉజ్వల, బాబాయి మిగిలారు. ఆమెకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. రెండేళ్ళ క్రితం అరకు వెళ్ళినప్పుడు, దుప్పటి తెచ్చుకోని ఒక కుట్టుపని ఆవిడకు రెండోరోజు ఎక్కడినుంచో దుప్పటి వచ్చింది. ఊటీలో ఒక ముసలాయనకు మంకీక్యాపు వచ్చింది. అప్పుడూ వాళ్ళు కంపెనీ ఇచ్చిందనే చెప్పారు. ఏదో పొరపాటుగా అంటున్నారని ఆమె నవ్వి ఊరుకుంది. మూడేళ్ళుగా ఆమె చూసిందల్లా బరువు పెట్టెలనే. ఆయన వెతికింది తేలిక సంచుల్ని.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావు బాబాయ్ ఈ పని?"

"ఏం పనే?" ఆయన చిరాకుపడ్డారు. "ఒక పెట్టెలోది ఇంకో పెట్టెలోకి పోయింది. విమానానికి బరువు పెరిగిందా? లేదు. చమురు ఎక్కువ తాగిందా? లేదు. పొగ ఒక్క పిసరు పెరిగిందా? అది కూడా లేదు. ఇంక నీకేంది నొప్పి?"

"నొప్పేం లేదు."

"మరి ముక్కెందుకు ఎగబీలుస్తున్నావు?"

"చలి" అంది ఉజ్వల.

"నీ సంచీలో రుమాళ్ళు ఆరున్నయ్. ఒకటి తీసి తుడుచుకో."

బస్సు ఇంకొంచెం పైకి వెళ్ళి ఆగింది. ముందు ఉన్నదంతా తడి మట్టి, రాళ్ళు. మంచు దూరంగా, ఎత్తున మెరుస్తోంది. పదేళ్ళ కిందట బస్సు ఆగిన చోటే మోకాలిలోతు మంచు ఉండేదని, ఏటా పైకి జరుగుతోందని డ్రైవరు హిందీలో చెప్పాడు. ఉజ్వల తెలుగులో చెప్పింది. శేషగిరిరావు గారు ఆ తెల్లటి గీతను చాలాసేపు చూశారు. పొగ కక్కుతున్న జీపుల వాళ్ళు, మంచు దాకా దింపుతామని అరుస్తున్నారు.

"ఎక్కుదామా శెట్టిగారూ?" అన్నాడు బసవపున్నయ్య.

ఆయన జవాబు చెప్పకముందే జ్ఞానయ్య నడక మొదలుపెట్టాడు. "జీపెందుకు సార్, అదిగో కనపడతానే ఉందిగా" అంటూ, వంగి చేతులు మోకాళ్ళకు ఆనించి, పైకి. నాగేంద్రమ్మ కోటు అంచులు ఎత్తి పట్టుకుని అతని వెనక నడిచింది. ఆవిడ నడిస్తే క్రోసూరు మొత్తం నడవాల్సిందే. అందరూ ఆయాసపడుతూ, తిట్టుకుంటూ, జంతికలు నములుతూ, గంటసేపు ఎక్కారు.

మొదటి మంచు తగలగానే జ్ఞానయ్య ఆగి, దోసిట్లోకి తీసుకుని, నాలికతో అద్ది చూశాడు.

"ఉత్త నీళ్ళే సార్ ఇది!" అని కేకపెట్టాడు. "మా ఊళ్ళో వెయ్యి అడుగులు బోరేసినా చుక్క రాలేదు. ఇక్కడ ఇట్టా కుప్పలు పోసి ఉంచారేంది, అడిగేవాడు లేక!"

శేషగిరిరావు గారు పకపకా నవ్వారు. ఉజ్వల ఆయన అలా నవ్వటం ఎప్పుడూ చూడలేదు. నవ్వుతూనే కాలుజారి, మంచులో కూర్చుండిపోయారు. లేపటానికి నలుగురు పరుగెత్తారు. అందరికంటే కిందనుంచి బసవపున్నయ్య గొంతు వినిపించింది.

"ఒసేయ్ నాగేంద్రం! ఈ బూట్లు కరుస్తన్నయ్యే! కనీసం ఒక్క మేజోడన్నా ఇప్పించు!"